మతి చలించినవారివలని యపాయమును ముందుగా నెఱుగవచ్చునా?

మతిస్థిమితము తప్పినవాని చేతిలో నింటివారో యిరుగుపొరుగువారో గాయపడిరనియో, ప్రాణములు కోల్పోయిరనియో పత్రికలలో వార్త పడినప్పుడెల్ల చదివినవారి నోట వెలువడు మాట యొక్కటియే: "ముందుగా నెవరును కనిపెట్టలేకపోయిరా?" ఈ ప్రశ్నలో జాలియు గలదు, నిందయు గలదు. ఆ నింద తఱచుగా నాయింటి స్త్రీలమీదికే మఱలును. తల్లి దాచిపెట్టినదందురు. భార్య బయటపడనీయలేదందురు. కోడలు కాలుపెట్టిన వేళ మంచిది కాదని పలుకు నోళ్లును లేకపోలేదు. వార్త చదివినవారు మఱునాటికి మఱచిపోవుదురు. ఆ యింటివారికి మాత్రము ఆ ప్రశ్న జీవితాంతము మిగిలిపోవును.

అందుచేత సోదరీమణులతో నీ విషయమును గూర్చి కొంచెము నిదానముగా ముచ్చటింపదలచితిమి. నిజమునకిందు రెండు ప్రశ్నలు పెనవైచుకొనియున్నవి. ఫలానివాడు ఫలాని ఘోరము చేయునని ముందుగా చెప్పగలమా యనునది యొకటి. అట్టి ఘోరములు జరుగకుండ కాపాడుకొనగలమా యనునది మఱియొకటి. మొదటిది తేలినగాని రెండవది సాధ్యము కాదని లోకము తలచుచున్నది. మేము చదివి తెలిసికొన్నంతవఱకు సంగతి యట్లు లేదు.

ఈ ప్రశ్న న్యాయస్థానముల కెక్కిన కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికాదేశమున కాలిఫోర్నియాలో జరిగినది. బర్క్లీ విశ్వవిద్యాలయమున నౌకానిర్మాణశాస్త్రము నభ్యసించుటకు మన దేశమునుండి, వంగదేశపు పల్లెపట్టుననుండి, యొక విద్యార్థి వెళ్లెను. 1968వ సంవత్సరమున నచ్చటి విద్యార్థులు కలసి జానపదనృత్యములు నేర్చుకొనుచోట టటియానా తారసాఫ్ అను యువతితో నాతనికి పరిచయమైనది. క్రొత్త సంవత్సరము వచ్చు రాత్రి యామె యాతనిని ముద్దిడెను. ఆ దేశపు పిల్లలకది పండుగనాటి మర్యాద. ఈతనికది జీవితాంతపు బంధమునకు బాసగా తోచినది. ఆమె తనకట్టి యుద్దేశము లేదని స్పష్టముగా చెప్పినది. అంతట నాతడు చదువు మానెను. తిండి, బట్ట మఱచెను. ఒంటరిగా నేడ్చుచు, తానామెతో నాడిన మాటలను యంత్రమునకెక్కించుకొని మరల మరల వినుచుండెను. దేశము కాని దేశమున తల్లిగాని, అక్కగాని, చెంతనుండి "నాయనా, ఇది యేమి?" అని యడుగువారు లేరు.

1969 వేసవిలో నాయువతి బ్రెజిలు దేశమునకు వెళ్లియుండగా, ఒక స్నేహితుని బోధచే నీ విద్యార్థి విశ్వవిద్యాలయపు టాస్పత్రికి పోయి వైద్యము ప్రారంభించెను. ఆగస్టు నెలలో, ఆమె తిరిగి రాగానే చంపెదనని యచ్చటి మనస్తత్వవైద్యునితో చెప్పెను. పేరు చెప్పకపోయినను ఎవరిని గూర్చి చెప్పుచున్నాడో తెలిసికొనుట కష్టము కాదు. వైద్యు డా మాటను తేలికగా తీసికొనలేదు. ఆతనిని ఆస్పత్రిలో నుంచవలయునని విశ్వవిద్యాలయపు పోలీసువారికి చెప్పెను, జాబును వ్రాసెను. వారును వచ్చి పట్టుకొని మాటలాడి చూచిరి. తిన్నగా సమాధానము చెప్పుచుండుటచే, ఆమె జోలికి పోనని మాట తీసికొని విడిచిపెట్టిరి. వైద్యశాలాధికారి ఆ జాబును వెనుకకు తెప్పించి, ఇక నేమియు చేయనక్కఱలేదని యుత్తరువిచ్చెను. పోలీసులను పిలిచిన వైద్యుని యొద్దకు రోగి మరల నెట్లు వచ్చును? రాలేదు. అక్టోబరు 27వ తేదీన నామె యింటికే పోయి యామెను చంపి, తానే పోలీసులకు కబురు చేసెను.

వైద్యునికి తెలియును, ఆయన పైయధికారికి తెలియును, పోలీసులకు తెలియును. తెలియనిది ఆ పిల్లకును, ఆ పిల్లను కన్న తల్లిదండ్రులకును మాత్రమే. ఆ తల్లిదండ్రులు కోర్టుకెక్కిరి. 1974లో నొకసారి, మరల 1976లో సమగ్రముగాను, కాలిఫోర్నియా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది: రోగి వలన మఱియొకరికి తీవ్రమైన యపాయము కలదని వైద్యుడు గ్రహించినప్పుడు, రోగి రహస్యమును కాపాడుట యొక్కటియే యాతని ధర్మము కాదు, ఆ మఱియొకరిని కాపాడుటకు తగిన ప్రయత్నము చేయుటయు నాతని ధర్మమే.

ఈ వ్యాజ్యములో మనోవ్యాధి వైద్యుల సంఘము వారు చేసిన వాదన గమనింపదగినది. ఎవడు హింసకు పాల్పడునో, ఎవడు పాల్పడడో ముందుగా చెప్పు శక్తి మాకు లేదని వారు కోర్టునకు నివేదించుకొనిరి. ఒక వృత్తివారు తమ చేతగానితనమును తామే న్యాయస్థానమున నొప్పుకొనుట యరుదు. న్యాయమూర్తులలో నొకరు దీనినే పట్టుకొని, ఇట్టి బాధ్యత మోపినచో రోగులు వైద్యునితో మనసు విప్పి చెప్పుట మానుదురనియు, వైద్యులు భయపడి యక్కఱలేనివారిని కూడ నిర్బంధింతురనియు తమ భిన్నాభిప్రాయమును వ్రాసిరి. తక్కినవారు మాత్రము, ఈ సందర్భమున వైద్యులు అపాయమును కనిపెట్టనే కనిపెట్టిరి, కనిపెట్టిన తరువాత నామెను కాపాడలేదన్నదే ఫిర్యాదు కదా యనిరి. మా మనసునకు నాటినది యిదియే. ఆ యొక్కచోట జోస్యము నిజమైనది. నిజమయ్యు నామెను రక్షింపలేదు.

సాధారణముగా జోస్యము నిజము కూడ కాదు. న్యూయార్కు రాష్ట్రమున శిక్షాకాలము ముగిసిన తరువాతను, అపాయకారులను పేర, మతి చలించిన నేరస్థులకై యేర్పఱచిన కఠినమైన యాస్పత్రులలో ననేకులను బంధించియుంచిరి. 1966లో నమెరికా సుప్రీముకోర్టు ఆ పద్ధతి చెల్లదనగా, 967 మందిని సాధారణమైన పిచ్చాస్పత్రులకు మార్చవలసివచ్చెను. ఆ యాస్పత్రుల సిబ్బంది మిక్కిలి భయపడిరి. తీరా నాలుగేండ్లు గడచిన పిమ్మట లెక్క చూడగా, కఠినమైన యాస్పత్రులకు మరల పంపవలసివచ్చినవారు నూటికి ముగ్గురికి మించలేదు. మిగిలిన వందలమంది జీవితములలోని సంవత్సరములు, తప్పుడు జోస్యమునకు బలియైనవే కదా!

ఇంతమంది చదువుకొన్నవారు ఇట్లేల పొరపడుదురు? ఇందులో వైద్యుల తెలివితక్కువకంటె గణితపు చిక్కు హెచ్చు. ఒక పట్టణమున మనోవ్యాధికి వైద్యము పొందువారు వేయిమంది యున్నారనుకొందము. వారిలో నొక యేటిలో పరులకు హాని చేయబోవువారు పదిమంది యనుకొందము. నూటికి తొంబదిపాళ్లు సరిగా చెప్పగల సాధనమొకటి మనకు దొరికినదనియు ననుకొందము; అంతటి సాధనము లోకమున లేదు. అది యా పదిమందిలో తొమ్మండుగురిని పట్టును. కాని తక్కిన 990 మందిలో నూటికి పదిమంది చొప్పున 99 మందిని కూడ పొరపాటున వ్రేలెత్తి చూపును. వెరసి 108 మందిని బంధించినచో, వారిలో నిజముగా హాని చేయబోవువారు తొమ్మండుగురు. బియ్యములో రాళ్లేఱునప్పుడు మనకిది యనుభవమే. రాళ్లు తఱచుగా నున్న బియ్యములో చేయి తేలికగా సాగును. ఎక్కడనో యొక రాయి యున్న బియ్యములో, తొందరపడు చేతికి రాతికంటె గింజలే యెక్కువగా వచ్చును. ఘోరము ఎంత యరుదైనదో, దానిని ముందుగా చెప్పుట యంత కష్టము.

ముక్కు మొగము తెలియని బాటసారిని మనోవ్యాధిగ్రస్తుడు చంపుటయే లోకమును మిక్కిలి బెదరించు వార్త. అట్టిదానిని గూర్చి ఆస్ట్రేలియా వైద్యులు 2011లో లెక్క కట్టి చూచిరి. అట్టి హత్య నొక్కదానిని ఆపుటకు, అపాయము హెచ్చని తేల్చబడిన స్కిజోఫ్రీనియా రోగులను సుమారు 35,000 మందిని నిర్బంధింపవలసివచ్చునట! ఆ ముప్పదియైదువేలమందికిని తల్లులున్నారు.

ఇక హింసయంతయు పిచ్చివారి పనియే యను భ్రమ యొకటి కలదు. అమెరికాలో జరిగిన పెద్ద గణనలనుబట్టి, సమాజమున జరుగు హింసలో తీవ్రమైన మనోవ్యాధి కారణమని చెప్పదగినది నూటికి సుమారు నాలుగుపాళ్లు మాత్రమే. తక్కిన తొంబదియాఱుపాళ్లు మతి సరిగా నున్నవారమని చెప్పుకొనువారి పుణ్యమే. 1998లో మూడు నగరముల ఆస్పత్రులనుండి యిండ్లకు వెళ్లిన వేయిమందికి పైబడిన రోగులను ఏడాదికాలము పరిశీలించిన యొక గొప్ప పరిశోధన ఫలితములు ప్రకటింపబడినవి. పిట్స్‌బర్గు నగరమున ఆ రోగులను వారి యిరుగుపొరుగువారితో పోల్చి చూచిరి. మద్యము, మత్తుమందులు ముట్టని రోగులకును, అవి ముట్టని పొరుగువారికిని హింస విషయమున చెప్పదగిన భేదము కనబడలేదు. మద్యము చేరినచోట నుభయులలోను హింస పెరిగినది. రోగులలో మఱింత పెరిగినది. తాగుబోతు మగనితో కాపురము చేసిన యే యిల్లాలినడిగినను ఇందులో సగము ముందే చెప్పియుండును.

ఆ పరిశోధనలోనే తేలిన మఱియొక సంగతి మనకు ముఖ్యము. రోగి చేయి చేసికొన్నప్పుడు దెబ్బ తగిలినది వీధిలోనివారికి కాదు. చాలవఱకు ఇంటివారికిని స్నేహితులకును. అది జరిగినదియు తఱచుగా నింటనే. అన్నము పెట్టునది, మాత్ర మ్రింగుమని బతిమాలునది, స్నానమునకు లేపునది ఎవరో వారికే ముందుగా తగులును. కావున లోకుల భయమునకు నింటి స్త్రీల భయమునకు భేదము కలదు. లోకుల భయము చాలవఱకు కల్పితము. కన్నకొడుకుతో నొక్కయింట తలుపు గడియ వేసికొనక పడుకొనుటకు తల్లి భయపడినచో, ఆ భయము ప్రేమలేమి కాదు. అట్టి తల్లిని "ఏమి కన్నతల్లివి!" అని యెత్తిపొడుచువారు తామొక రాత్రి యచ్చట పడుకొని చూడవలయును.

రోగి వలన నితరులకు కలుగు హాని కంటె నితరుల వలన రోగికి కలుగు హాని యెన్నియో మడుగులు హెచ్చని కూడ చెప్పకపోయినచో నన్యాయము చేసినవారమగుదుము. చికాగో నగరమున జరిగి 2005లో ప్రకటింపబడిన పరిశీలనలో, తీవ్రమైన మనోవ్యాధి గలవారిలో నాల్గవవంతుకంటె నెక్కువమంది యొక్క యేడాదిలోనే కొట్టుట, దోచుట, చెఱచుట మున్నగు దౌర్జన్యములకు గుఱియైరని తేలినది. తక్కిన జనులతో పోల్చిన నది పదునొకండు రెట్లు. వీథులవెంట తిరుగు వెఱ్ఱివానిపై రాళ్లు రువ్వు పిల్లలను మన పల్లెలలో నెవరు చూడలేదు?

జోస్యము వలన నిజమైన ప్రయోజనము గల తావొకటి యున్నది. అది పురుటిగది. కాన్పైన మూడవనాటినుండి పదిరోజులలోపల ఊరక కన్నీరు పెట్టుకొనుట చాలమంది బాలింతలకు కలుగునదే, తనంత తగ్గిపోవును. వారములు, నెలలు మనసు క్రుంగియుండుట వేఱొక వ్యాధి. దానికిని వైద్యము కావలయును. ఈ రెంటికి భిన్నముగా వేయి కాన్పులలో నొకరిద్దఱికి వచ్చు సూతికోన్మాదమొకటి కలదు. అది సాధారణముగా మొదటి రెండువారములలోనే, తఱచుగా మొదటి కొలది దినములలోనే, యుప్పెనవలె వచ్చిపడును. రాత్రులు నిద్రలేకున్నను అలసట యెఱుగకుండుట, గడియకొక భావము మాఱుట, మాటలు తడబడి యెచ్చటనున్నదో తెలియకపోవుట, ఈ బిడ్డ నా బిడ్డ కాదనుట, బిడ్డలో దేవతయో దయ్యమో యున్నదనుట దీని లక్షణములు. ఈ స్థితిలో నరుదుగా బిడ్డకును, తల్లికిని ప్రాణాపాయము కలుగును. "నా బిడ్డను ఈ పాపపు లోకమునుండి తప్పించితిని" అను తల్లి బిడ్డను ద్వేషించి చేసినది కాదు. రక్షించుచున్నానని నమ్మి చేసినది.

ఎవరికిది రావచ్చునో వైద్యులు ముందుగానే చాలవఱకు చెప్పగలరు. ఒకమాఱు వచ్చినవారిలో మరల కాన్పునకు సుమారు ముగ్గురిలో నొకరికి వచ్చుచున్నది. మితిమీఱిన యుత్సాహము, మితిమీఱిన క్రుంగుబాటు మార్చి మార్చి వచ్చు 'బైపోలారు' వ్యాధి గలవారిలో దాదాపుగా నయిదుగురిలో నొకరికి వచ్చుచున్నది. వేయింట నొకరికి వచ్చుదానికిని, ముగ్గురిలో నొకరికి వచ్చుదానికిని ఎంత తారతమ్యమో చూడుడు. ఇచ్చట రాళ్లు తఱచుగా నున్న బియ్యమిది; ఏఱుటకు వీలున్నది. కడుపుతోనున్నప్పుడే వైద్యునితో చెప్పుకొన్నచో మందులు, నిద్ర, కాపలా ముందుగా సిద్ధము చేసికొనవచ్చును. కాని చెప్పువారెవరు? పెండ్లినాడే దాచిన సంగతిని పురిటినాడు చెప్పుటకు పుట్టింటివారికి నోరు రాదు. తెలిసినను అత్తింటివారు గాలి సోకినదని వేపమండలతో కొట్టించుచు రెండు దినములు గడపుదురు. ఆ రెండు దినములే మిక్కిలి విలువైనవి. అట్టి బాలింతను ఒంటరిగా విడువరాదు. బిడ్డనామెయొద్ద నొంటరిగా నుంచరాదు. నిందింపక ఆనాడే ఆస్పత్రికి తీసికొనిపోవలయును. చక్కగా వైద్యము జరిగినచో నత్యధికులు పూర్తిగా కోలుకొని ఆ బిడ్డనే యెత్తుకొని పెంచుకొందురు. బెంగుళూరులోని నిమ్‌హాన్సు వైద్యశాలలో తల్లిని బిడ్డను విడదీయక యొక్కచోటనే యుంచి చికిత్స చేయు విభాగము 2009లో వెలసినది. ఇట్టివి ప్రతి పెద్ద పట్టణమునను ఉండదగును.

తక్కిన తావులలో జోస్యము సాగదు గదా, చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదేనా? ఏ బిడ్డ బావిలో పడునో ముందుగా చెప్పగలవారమై మనము బావికి వర కట్టించుట లేదు. ఎవరు పడబోవుదురో తెలియదు గనుకనే అందఱికొఱకు కట్టించుచున్నాము. మనోవ్యాధి విషయమున ఆ వరగోడ వైద్యమే. ఆస్ట్రేలియా వైద్యు లిద్దఱు పలుదేశముల లెక్కలను జతపఱచి 2010లో ప్రకటించిన సంగతి యిది: చిత్తవిభ్రమము గలవారు చేసిన హత్యలలో నూటికి ముప్పదియెనిమిదికి పైగా, వ్యాధి మొదటిసారి వచ్చి యింకను వైద్యమే మొదలుకాని కాలమున జరిగినవి. ఆ తొలివిడతలో, క్రొత్తగా వ్యాధి బయటపడినవారు 629 మందిలో నొకరు హత్యకు పాల్పడియుండగా, వైద్యము పొందినవారిలో ఏడాదికి సుమారు 9,090 మందిలో నొకరు మాత్రమే. స్వీడను దేశమున ఎనుబదిరెండువేలమందికి పైబడిన రోగులను గూర్చి 2014లో ప్రకటించిన పరిశీలనలో, చిత్తవిభ్రమమునకిచ్చు మందులు వాడుచున్న కాలమున, మందులు మానియున్న కాలముతో పోల్చినచో, హింసాత్మకమైన నేరములు నూటికి నలువదియైదుపాళ్లు తక్కువగా కనబడినవి. ఇందులో నెవరిని గూర్చియు జోస్యము చెప్పవలసిన పని రాలేదు.

మన దేశమున 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య గణనలో, వైద్యము కావలసియు నందనివారు వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 వఱకు నున్నారని తేలినది. ఏ వైద్యమును అందనివారికి మనము చేయునదేమి? గొలుసు వేయుట. గొలుసు చివఱకేమి చేయునో తమిళదేశమున రామనాథపురము జిల్లా యేర్వాడిలో కనబడినది. దర్గా చుట్టును వెలసిన ప్రైవేటు శాలలలో నొకదానిలో 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవాఱుజామున పాక కంటుకొనినది. సంకెళ్లతో కట్టివేయబడియున్నవారు కదలలేక 28 మంది మరణించిరి. వారిలో నెవ్వరును ఎవ్వరికిని అపాయము చేసినట్లు మేమెచ్చటను చదువలేదు. వారిని కన్నవారు, కట్టుకొన్నవారు, మ్రొక్కుకొని తెచ్చి విడిచినవారు.

మన పూర్వులను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. చరకసంహితలో నున్మాదమును అయిదు విధములుగా విభజించి, నాలుగింటికి శరీరములోని దోషములనే కారణముగా చెప్పి, ఒక్కదానిని మాత్రమే బయటినుండి వచ్చునదిగా నెన్నిరి. ఆదిపర్వములోని కల్మాషపాదుని కథ యందఱకు తెలిసినదే. రాక్షసావేశముచే నాతడు వసిష్ఠుని నూర్గురు కొడుకులను భక్షించెను. పండ్రెండేండ్ల పిమ్మట నాతనికా యావేశమును బాపి మరల మనుష్యుని చేసినది వేఱెవ్వరును కాదు, ఆ కొడుకులను పోగొట్టుకొన్న వసిష్ఠుడే. ఈ కథను పురాణకాలక్షేపములలో నెన్ని మాఱులు వింటిమో! వసిష్ఠుని క్షమనే పొగడిరి గాని, ఆతడు చికిత్స చేసెనని యెవరును చెప్పగా వినలేదు.

ఇప్పుడమలులోనున్న చట్టము 2017లో ప్రకటింపబడి 2018 మే నెలనుండి నడచుచున్నది. గొలుసు వేయుట నిది నిషేధించినది. ఈ చట్టము జోస్యమును నమ్ముకొనలేదు. రోగి యిష్టము లేకున్నను ఆస్పత్రిలో చేర్చుకొనుటకు, ఆతడు రేపేమి చేయునో యని కాక, ఇటీవల నేమి చేసెనని యడుగుచున్నది: తనకు తాను హాని చేసికొనబోయెనా, బెదరించెనా? పరులపై చేయి చేసికొనెనా, వారికి ప్రాణభయము కలిగించెనా? తన్ను తాను కాపాడుకొనలేని స్థితికి వచ్చెనా? ఇంటివారు చూచినదియు చెప్పగలిగినదియు నిదియే గదా! అట్లు చేర్చుకొన్నను మొదట ముప్పది దినములకు మించి యుంచరాదు. అపాయస్థితిలోనున్న రోగిని పోలీసువారు రక్షణలోనికి తీసికొని, లాకప్పులో పెట్టక, ఇరువదినాలుగు గంటలలోపల ప్రభుత్వాస్పత్రికి చేర్చవలయును. మఱియొకరిని హింసనుండి కాపాడుటకు కావలసినంత మేరకు వైద్యుడు రోగి సంగతిని బయటపెట్టవచ్చునని కూడ చట్టమున వ్రాసియున్నది. ఆనాడు బర్క్లీలో కఱవైనది యదియే.

ఇంటిలో గమనింపదగినవి కొన్ని కలవు. ఇవి జోస్యపు గుర్తులు కావు, తొందరపడుటకు గుర్తులు. పూర్వమొకమాఱు చేయి చేసికొనియుండుట, త్రాగుడు, బాగుగానున్నది గదా యని మందు మానివేయుట, వరుసగా రాత్రులు నిద్రలేకపోవుట, ఇంటిలో నొక్క మనిషినే పట్టుకొని, నాకు విషము పెట్టుచున్నదనియో, నా భర్త కాదు భర్త వేషములోనున్నవాడనియో గట్టిగా నమ్ముట, కొట్టుమని చంపుమని చెవిలో మాటలు వినబడుచున్నవనుట. ఇట్టివి కనబడినప్పుడు వాదించి నెగ్గవలయునని చూడరాదు. విషము కలిపితివన్నవానితో "నేను కలుపలేదు, నీకు పిచ్చి" అనినచో నమ్మకము మఱింత బిగియును. "నీకట్లు తోచి భయమగుచున్నది కాబోలు, డాక్టరుగారిని కనుగొందము" అనుట మేలు. కత్తిపీట, గొడ్డలి, చేలకు చల్లు పురుగులమందు ఆ దినములలో తాళము వేసిన గదిలో నుండవలయును. ఆడువారు తాము నిలుచుచోటునుండి వాకిలికి దారి తెఱపిగా నుండునట్లు చూచుకొనవలయును. పసిపిల్లలను పొరుగింటికి పంపుట సిగ్గుపడవలసిన పని కాదు. చేయి దాటుచున్నదని తోచినప్పుడు 112 నంబరునకు ఫోను చేయవలయును. అంతకుముందే సలహా కావలసినచో 2022లో ప్రారంభమైన టెలీమానస్ వారి 14416 నంబరునకు చేసి రేయింబవళ్లు నెప్పుడైనను తెలుగులో మాటలాడవచ్చును.

మేమెఱిగిన యొక యింట తల్లికి చదువు రాదు. కొడుకునకు రెండుమాఱులు వ్యాధి తిరుగబెట్టినది. రెండుమాఱులును మొదట నిద్ర పోయినదనియు, పిమ్మట వక్కపొడి డబ్బాలో దాచిన డబ్బు లెక్కించుట మొదలిడెననియు, ఆ తరువాతనే కేకలనియు నామె గుర్తు పెట్టుకొన్నది. మూడవమాఱు, అర్ధరాత్రి డబ్బా మూత చప్పుడు విన్న మఱునాడే కొడుకును వెంటబెట్టుకొని ఎఱ్ఱగడ్డ ఆస్పత్రికి పోయినది. కేకల వఱకు రాలేదు. ఆతడు కేకలు వేసియుండునో లేదో యని వైద్యు లెవరును చెప్పలేరు. ఆమె కది యక్కఱయు లేదు.

వ్యాధి తగ్గి మనసు నిలకడగానున్న దినములు చాలమంది రోగులకు వచ్చును. అప్పుడు చేసికొనదగిన పని యొకటి చట్టములోనే యున్నది. మరల జబ్బు చేసినప్పుడు తనకెట్టి వైద్యము కావలయునో, ఎట్టిది వలదో రోగి తానే ముందుగా వ్రాసియుంచుకొనవచ్చును. తన తరపున నిర్ణయించుట కెవరిని నమ్మునో ఆ మనిషి పేరును తెల్లకాగితముమీద వ్రాసి, సంతకముతోనో వ్రేలిముద్రతోనో నియమించుకొనవచ్చును. ఆ కాగితమును వ్రాయించుటకు, భోజనములైన పిమ్మట ఇంటిల్లపాదియు కలసి కూర్చుండిన యొక సాయంకాలము చాలును. అక్క పేరు వ్రాయుదువా, అమ్మ పేరు వ్రాయుదువా యని రోగినే యడుగవలయును.